పద్దెనిమిదో చుట్టు

ఏకాంబరం సారు బోర్డు మీద ఏమీ రాయడు.
ఆయన చేతిలో సుద్దముక్క ఉందంటే
అది వైరుకు పూయడానికే,
గాడిలో జారాలని.

చిత్తూరు ఐటిఐ, మూడో షెడ్డు.
రేకుల కింద ముప్పైమందిమి,
ఒకడి భుజం మీద ఇంకొకడి గడ్డం.
నడుమ బల్ల మీద
ఐదు హెచ్‌పి సబ్‌మర్సిబుల్ మోటారు
పొట్ట చీల్చిన యాటలాగా.
లోపల కాలిన వాసన,
సంగటి అడుగంటిన కుండలో
ఎవరో ప్లాస్టిక్ దువ్వెన వేసినట్టు.

అది ప్రాక్టికల్‌కని దాచిన పాత మోటారు కాదు.
మొగిలప్పది.
పలమనేరు అవతల నించి
ఆటోలో ఒళ్ళో పెట్టుకోని తెచ్చినాడు.
షాపులో చుట్టిస్తే ఏడు వేలంట,
ఇక్కడ వైరు డబ్బులే.
వరండాలో గోడకానుకోని కూర్చోనుండాడు.
ఎకరా టమోటా కాపు మీదుండాదని
వచ్చిపోయే ప్రతివాడికీ చెప్తా ఉండాడు,
ప్యూన్‌కి రెండుసార్లు.

"చూ... చూడండి" అన్నాడు సారు.
ఆయన పాఠం అంతే.
నాలుక దగ్గర నత్తి.
వేళ్ళ దగ్గర లేదు.
కుడిచెయ్యి తోస్తుంది, ఎడమచెయ్యి అందుకుంటుంది,
తోసింది ఎక్కువా కాదు
లాగింది ఎక్కువా కాదు,
పసిబిడ్డకు చొక్కా తొడిగేటప్పుడు
చేతిగుంటలోంచి చెయ్యి తీస్తామే, అట్ల.

చుట్టు ఆయనది, లెక్క మాది.
"ఒకటి."
"రెండు."
తొమ్మిది దగ్గర కరెంటు పోయింది.
బల్లను కిటికీ కిందికి జరిపినాం.
పదకొండు దగ్గర రెడ్డిరాణి అడిగింది,
"ఇంత నిదానమెందుకు సార్, గట్టిగా లాగితే సరిపోతుంది గదా?"
సారు జవాబు చెప్పలా.
గాడి అంచును చూపించినాడు.
ఆమె వేలు పెట్టి చూసి, వెంటనే తీసి
నోట్లో పెట్టుకునింది.

గాడికి పద్దెనిమిది, గాళ్ళు ఇరవై నాలుగు.
రెండు రోజులు అరిచినాం.
ఆఖరి గాడి, ఆఖరి చుట్టు:
"పద్దెనిమిదీ!"
చప్పట్లు. ఎవడో ఈల.
సారు తలెత్తి
మా వైపు చూసి నవ్వినాడు.
చెయ్యి మాత్రం ఆగలా.

రాత్రంతా తొట్లో మునిగింది మోటారు.
పొద్దున మెగ్గర్ తిప్పితే
ముల్లు సున్నా మీద పడుకోనుంది.
ఇంకోసారి తిప్పినాడు.
లేవలా.

వాకిట్లో మొగిలప్ప. "అయిందా సామీ?"
వైరు నాసిరకమని అనొచ్చు.
పిల్లోళ్ళు చుట్టినారని అనొచ్చు,
మేం ముప్పైమంది ఉండాం, ఎవడి మీదైనా పెట్టొచ్చు.
"నే... నేనే గీకినా" అన్నాడు సారు.
ఆ మాట బయటికి రావడానికి
ఎంతసేపు పట్టిందో,
ఎవరూ నవ్వలా.

మళ్ళా మా వైపు తిరిగి, "చూడండి."
ఊడదీయడం మొదలుపెట్టినాడు.
ఈసారి లెక్క వెనక్కి.
పదిహేడు అనే పని పడలా.
మొదట బయటికొచ్చిన చుట్టు మీదే
చీమ కుట్టినంత గీత.
దాన్ని వేలెడు పొడవు కత్తిరించి
చేతులు మార్పించినాడు.
కళ్ళకు కనపడనోళ్ళకు గోటికి తగిలింది.

రెడ్డిరాణి ఆ ముక్కను
రికార్డు పుస్తకంలో టేపుతో అంటించింది.
పరీక్షకొచ్చిన తిరుపతి సారు
పేజీ తిప్పుతా తిప్పుతా ఆగి,
"బొమ్మ గీయమంటే ఇదేంది?" అన్నాడు.
"గోటితో చూడండి సార్" అనింది.
మార్కులు ఎన్నేసినాడో చెప్పదు.

నాకు ఇప్పుడు బెంగుళూరు రోడ్డులో షాపు.
నా దగ్గరుండే పిల్లోడు పదిహేడు దాకా లెక్కపెడతాడు.
తర్వాత నోరు మూసుకుంటాడు.
ఎందుకని అడగలా వాడు,
షాపు అలవాటేమో అనుకున్నట్టుండాడు.

మొగిలప్ప మోటారు నాలుగో రోజు పోయింది.
ముల్లు నిలబడింది, అది మేం చూసినాం.
తొమ్మిది వందల అడుగుల కింద
నీళ్ళుండాయో లేదో
మెగ్గర్ చెప్పదు.
ఆయన మళ్ళీ రాలా.
తిరుగుతా ఉండాదని ఒకడన్నాడు,
ఆ బోరే ఎండిందని ఒకడన్నాడు.