తడి తువ్వాలు

మా ఊరికి సముద్రం లేదు.
నీవా ఏట్లో ఇసకుంటాది, గట్టి వాన పడితే పేరుకి నీళ్లుంటాయి.
అయినా ఎండాకాలం వచ్చిందంటే
చిత్తూరు మొత్తం ఓడ ఎక్కుతాది
తోతాపురి గుజ్జై, నీలిరంగు డ్రమ్ముల్లో మూత బిగించుకోని,
మదరాసు రేవు దాకా లారీలో ఊగతా పోయి.

నేను గుజ్జు చూడను. నా పని చలువ.
ఇరవై మూడేండ్లుగా గుడిపాల రోడ్డు ఫ్యాక్టరీలో
అమోనియా కంప్రెసర్ కాడ నైటు డ్యూటీ.
మొగిలప్ప యాడుంటాడంటే ఎవురూ చెప్పరు,
కంపు మొగిలప్ప అంటే వాచ్‌మన్ కుక్క కూడా దోవ చూపిస్తాది.

జూన్ నెల్లో వచ్చింది ఆ పాప.
పుంగనూరు షాహీన్. ఓడలో నాలుగో ఇంజనీరంట.
కాళ్లకి ఇనప మూతి బూట్లు.
"అన్నా, మా కొత్త ఓడ అమోనియాతో నడవబోతా ఉంది.
క్లాసులో అన్నీ చెప్పినారు, వాసన తప్ప.
మీ కాడ ఒక వారం ఉండొచ్చా?"

నాకు నవ్వొచ్చింది.
ఐసు చేసేదాన్ని పొయ్యిలో పెడతారా?

పెడతారంట.
ఇప్పుడు పోసేది నల్ల నూనె, తారు మాదిరి, కాచితే గాని పారనిది,
దినానికి ఏడెనిమిది ట్యాంకర్లు తాగతాదంట పెద్ద ఓడ ఒక్కోటి.
ఆ పొగని ఎవురూ చూడరు,
ఊరు లేని చోట వదల్తారు గదా.
అమోనియాలో బొగ్గు నలుసు కూడా లేదు అనింది.
కానీ మొండిది, తడి కట్టె మాదిరి, తొందరగా అంటుకోదు.
పక్కన చెంచాడు డీజిల్ మండి దోవ చూపిస్తే
అప్పుడు కదుల్తాది పిస్టన్,
మనిషి నిలువు కంటే పొడుగు స్ట్రోకు.

"అయితే పొగ పీడ పోయినట్టేనా?" అంటే
తల అడ్డంగా ఊపింది.
సరిగా మండకపోతే ఇంకో విషం తోక పట్టుకోని వస్తాది.
గ్యాసు కాల్చి చేసిన అమోనియా అయితే
పొగ మన పెరట్లోంచి పక్కోడి పెరట్లోకి మారినట్టే.
గాలి మరలతో, ఎండతో చేసిందే కావల్ల.
అది ఇంకా చాలినంత లేదు.
అబద్ధం చెప్పని పిల్ల. నాకు నచ్చింది.

అప్పుడు నాకు తెలిసింది నేను చెప్పినా.
గంధకం వత్తి వెలిగించి పైపు వెంబడే నడిపించినా,
ఏ జాయింటు కాడ తెల్లగా పొగ లేస్తే అక్కడ కారతా ఉన్నట్టు.
గాలి ఎట్ల వీస్తా ఉందో చూడు, తర్వాతే పరిగెత్తు.
కండ్లు మండితే రుద్దొద్దు. నీళ్లు, నీళ్లు, ఇంకా నీళ్లు.
ముక్కుని నమ్ము, కానీ పదేండ్లు నమ్మొద్దు,
అలవాటు పడిన ముక్కు అబద్ధమాడతాది.

కుప్పస్వామి మాట చెప్పకూడదనుకున్నా. చెప్పినా.
రెండో నంబరు రిసీవర్ వాల్వు, దసరా ముందు రోజు.
"చిన్న సీలే గదా, తెల్లారి మారుద్దాం" అనింది నేనే.
ఆయప్ప ఎడమ కన్ను ఇప్పటికీ పాలపొరే.
నా పక్కనే కూచోని బీడీ తాగతాడు,
ఆ రాత్రి గురించి ఒక్క మాట అడగడు.

షాహీన్ నోటుబుక్కు మూసేసింది.
కంప్రెసర్ మాత్రం దడదడా మాట్లాడతా ఉంది.
చాలాసేపటికి అడిగింది:
"ఓడలో యాడికని పరిగెత్తేది అన్నా?"

చుట్టూ నీళ్లే గదా అనబోయి
నోరు మూసుకున్నా.

పోయేనాడు ఒక కట్ట గంధకం వత్తులు అడిగి తీసుకునింది.
ఓడలో అగ్గి వెలిగించనీరు,
దండిగా మీటర్లుంటాయి, గంట కొడతాయి, ఫ్యాన్లు వాటంతటవే తిరగతాయి.
అయినా పెట్టెలో ఉండనీ అనింది.

ఈ ఏడు తోతాపురికి రేటు లేదు.
గేటు కాడ ట్రాక్టర్లు మూడు దినాలుగా నిలబడుండాయి,
కాయలు ఎండకి పులిసి, ఈగలు.
ఓడ బాడుగ ఏ నూనెకి పెరిగినా తరిగినా
ఆ ట్రాక్టరాయనకి ఏం చెప్పేది నేను.

మొన్న ఫోన్లో ఒక శబ్దం పంపింది. మాటల్లేవు.
నిదానంగా, బరువుగా, ఊపిరి లాగి విడిచినట్టు.
కుప్పస్వామి చెవి కాడ పెట్టినా.
"ఎవుర్ది?" అన్నాడు.
"మనదే" అన్నా.

డ్యూటీ ఎక్కంగానే తువ్వాలు తడిపి తలుపు కొక్కేనికి తగిలించడం
ఇరవై మూడేండ్ల అలవాటు.
ఇప్పుడు రెండు తడపతా ఉండా.