ఒత్తు

బరంపురంలో మా ల్యాబు రెండో అంతస్తు.
కిటికీ తీస్తే దేరా వీధి,
వెదురు గెడల మీద నీళ్ళు కారుస్తూ పట్టు నూలు.
లక్క ఎరుపు ఎప్పుడు దిగిందో
వాసన పట్టి చెప్పగలను నేను.
ఆ వీధిలోనే పుట్టాను కదా.

మార్చి నుంచీ ఒకటే పని.
కణం గోడలో ఒక గ్రాహకం ఉంటుంది.
దాని కొస బయటికి వేలాడుతుంది,
మగ్గం మీంచి జారిన పోగులా.
ఆ కొసలో ముప్ఫయ్యో మెట్టు మీద ఒక టైరోసిన్.
దానికి కణమే, లోపలెక్కడో,
చిన్న సల్ఫేటు ముక్క తగిలించి పైకి పంపుతుంది.
గంధకం ఒకటి, ఆక్సిజన్ మూడు.
తూస్తే తూకానికి ఆనదు.

పళ్ళేల్లో క్లోరేటు పోశాను.
కణాలు చావలేదు, పెరిగాయి.
గ్రాహకాన్నీ నేశాయి, అదే పొడుగు, అదే మడత,
ఆ ముక్క ఒక్కటి లేకుండా.
వాపు కబురు మోసే కీమోకైన్‌కి
మెరిసే రంగు కట్టి వదిలాను.
వచ్చింది. తాకింది.
కడిగితే పోయింది.
తెరంతా చీకటి.
తప్పు నా చేతిదేమోనని
మూడుసార్లు మళ్ళీ చేశాను.

తవిటమ్మ పిన్ని కాగులో కర్ర తిప్పుతూ వింది.
"పటిక నీట్లో ముంచావేటి ముందు?
ముంచకపోతే రంగు నూలు మీద కూకుంటాది గానీ
కాపరం సెయ్యదు" అంది.

మర్నాడు పాణిగ్రాహి మేడమ్‌కి ఒడియాలో చెప్పాను.
ఆవిడ నవ్వలేదు.
"పటికలో రంగును పట్టేది అల్యూమినియం,
సల్ఫేటు కాదు. నీ పోలిక సగమే నిజం."
అవును.
మిగిలిన సగాన్ని టిఫిను డబ్బాలో పెట్టుకుని
ఇంటికీ ల్యాబుకీ తిరిగాను.

వానల చివర పిన్నికి జ్వరం.
రోజు విడిచి రోజు, నాలుగింటికల్లా వణుకు.
పెద్దాసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టి
నేను మందుల కిటికీ దగ్గరికి వెళ్ళాను.
చీటీల కుర్రాడు పిలిచాడు:
తబిటమా! తబిటమా!
గోడకు తల ఆనించి పిన్ని కదల్లేదు.
తర్వాతి వాళ్ళు లేచి లోపలికి వెళ్ళిపోయారు.

పరుగున వచ్చి అడిగాను.
"నన్నా? నన్నెవులూ పిలవలేదే."

చీటీ చూశాను.
వ బదులు బ.
మ కింద ఒత్తు లేదు.
పేరు చెవి దాకా వచ్చింది, తాకింది,
పట్టుకోవడానికి ఏమీ దొరక్క
హాలు గోలలో కొట్టుకుపోయింది.
అక్కడే, ఆ ఫినాయిలు వాసనలో,
నా పళ్ళెం నాకు అర్థమైంది.

రక్తంలో వైవాక్స్ అన్నారు.
ఆ రాత్రి మళ్ళీ చదివాను:
అదే గ్రాహకం ఎర్రకణం మీదా ఉంది,
అదే కొస, నలభై ఒకటో మెట్టు మీద ఇంకో టైరోసిన్,
దానికీ అదే గంధకం.
మలేరియా పురుగు దాన్ని పట్టుకునే
లోపలికి దూరుతుంది.
కబురుకూ దొంగకూ గుమ్మం ఒకటే,
పదకొండు మెట్ల ఎడంలో రెండు గొళ్ళేలు.
రెండూ ఊడబెరికితే?
దొంగ రాడు, సరే.
ఒంట్లో ఎక్కువైన వాపు కబుర్లు మాత్రం
దిగే చోటు లేక నెత్తురంతా తిరుగుతాయి.

పద్నాలుగు రోజుల మాత్రలు మింగి
పిన్ని కాగు దగ్గరికొచ్చింది.
నోరు ఇంకా చేదంటూ బెల్లం ముక్క చప్పరిస్తూ
అంతా విని అడిగింది:
"దొంగ పట్టిన కాడే కట్టు కట్టి ముంచలేవా?
రంగు వద్దన్న సోట మేం దారం సుట్టమా?"

అదే పిన్నీ, నేను అడుగుతున్నదీ అదే.
అంత సన్నటి దారం
నా దగ్గర ఇంకా లేదు.

ఆవిడ అప్పటికే అటు తిరిగి
పోగు ఎత్తి వెలుగుకు పట్టి చూస్తోంది.
నేను జేబులోంచి ఆ పాత చీటీ తీసి
బాల్‌పెన్నుతో
మ కింద ఒత్తు పెట్టాను.