మూడో భాగం, నూట పన్నెండో పేజీ

చిత్తూరు హైరోడ్డులో టైర్ల కొట్టు పైన
మా ప్రెస్సు.
జూన్ వస్తే గుజ్జు ఫ్యాక్టరీల నుంచి పులిసిన మామిడి వాసన
కిటికీలోంచి దూరి కీబోర్డు మీద కూర్చుంటుంది.
అక్కడే కూర్చోని నేను
పదకొండేండ్లుగా శని వలయాల మీద యుద్ధం నడపతా ఉండాను.

రాసేది నేను కాదు.
కరెంటాఫీసులో రిటైరైన ఏకాంబరం సార్
రూళ్ళ నోటుబుక్కుల్లో రాసి పంపిస్తాడు,
పేజీ పదిహేను రూపాయలకి నేను కొడతాను.
క్షిపణికి ఆయన ప్రతిసారీ మర్చిపోయే షవత్తు తగిలించి,
సేనాపతుల బిరుదులు బోల్డులో పెట్టి.

అందులో ఒకడుండాడు. చెంగల్రాయుడు.
తొమ్మిదో దళం, నంబరు నాలుగువేల నాలుగువందల డెబ్బై ఒకటి.
ఆక్సిజన్ గొట్టాల్లో పేరుకున్న మంచు గీకడం వాడి పని.
రెండో భాగంలో రెండుసార్లు నడిచిపోతాడు, ఎవరి వెనకో.
మూడో భాగంలో, ముట్టడికి ముందు రాత్రి,
ఒకే ఒక్కసారి నోరు తెరుస్తాడు:
"సారూ, నీళ్ళు ఇంకా ఉండాయా?"

సార్ రాసింది 'ఉన్నాయా' అనే.
ఆ దళంలో అందరూ పాఠ్యపుస్తకం మాదిరి మాట్లాడతారు,
చచ్చేటప్పుడు కూడా వ్యాకరణం తప్పరు.
ఆ పొద్దు మా వీధికి
తొమ్మిది దినాల తర్వాత ట్యాంకరొచ్చింది.
బిందెలు ఇంట్లో దించి, ఆలస్యంగా వచ్చి కూర్చున్నాను.
వేళ్ళు 'ఉండాయా' అని కొట్టేసినాయి.
ప్రూఫులో చూసినాను.
దిద్దలేదు.

ఆరు పేజీలు తిరక్కముందే
'ఆ పేలుడులో చెంగల్రాయుడు, మరి ఆరుగురు మరణించగా,'
అని ఒక కామా.
అదే వాక్యంలో కెప్టెన్ ప్రతాపసింహ
మీసం మీది బూడిద తుడుచుకుంటాడు.
కామాకి ఒక్క వేలు చాలు.

నిరుడు ఆరో భాగం వచ్చింది.
డెబ్బై ఎనిమిదో పేజీలో
కెప్టెన్‌కి బ్యాటరీ అందిస్తా ఉండాడు, చెంగల్రాయుడు.
లేచి ఫ్యాను ఆపినాను.
మళ్ళా చదివినాను.
అందిస్తానే ఉండాడు.

ఫోన్ చేసినాను.
"సార్, వీడు మూడులో చచ్చిపోయినాడు గదా?"
అవతల కుక్కర్ విజిల్, ఇంకొకటి.
"ఎవడమ్మా వాడు?" అన్నాడు సార్.
తర్వాత, "ఏదో ఒక పేరు పెట్టెయ్. గురవయ్య అనో ఏదో."

వెతుకు, మార్చు, అన్నీ మార్చు.
ఎంతసేపు.
మా చిన్నాయన రెండేండ్లు రేషన్ కార్డులో చచ్చిపోయినాడు.
బతికుండానని చెప్పుకోను
కలెక్టరాఫీసు మెట్లు ఎక్కీ దిగీ, చెప్పు తెగితే
దాన్ని చేతిలో పట్టుకోని కూడా పోయినాడు.
ఆ ఆఫీసులోనూ ఎవరో నా మాదిరే
మధ్యాన్నం సంగటి తిని, కునుకు ఆపుకుంటా
ఒక వేలితో కొట్టుంటారు.
వాళ్ళ మీద నాకు కోపం రాలేదెప్పుడూ.
అదే భయం.

గురవయ్య అని పెట్టలేదు నేను.
మూడో భాగం రెండో ముద్రణకి వచ్చినప్పుడు
నూట పన్నెండో పేజీ తెరిచి
'చెంగల్రాయుడు, మరి' అన్నది తీసేసినాను.
పేరా ఒక వరస పైకి జరిగింది.
అడుగున తెల్లగా ఖాళీ మిగిలింది, పూడ్చలేదు.
పోయింది ఆరుగురే.
ఆ ఆరుగురికీ పేర్లు లేవు, వాళ్ళకి నేనేం చెయ్యలేకపోయినాను.

మొదటి ముద్రణ ఐదువందల కాపీల్లో
వాడింకా చచ్చే ఉండాడు.
పలమనేరు బస్టాండు కొట్లో మూడు, అమ్ముడుపోకుండా
జాతకాల పుస్తకాల కింద.

నిన్న ఏడో నోటుబుక్కు వచ్చింది.
చానా లావు. ముట్టడి మళ్ళా మొదలు.
సార్ చెయ్యి వణకతా ఉంది ఈమధ్య,
అక్షరాలు ఒకదాని మీదొకటి ఒరిగినాయి.
పేజీలు లెక్కబెట్టి రేటు రాసినాను.
తిప్పేటప్పుడు ఏ పేరూ కంటపడకుండా
అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

కరెంటు వచ్చింది.
మొదటి పేజీ నుంచే కొడతా ఉండాను,
మెల్లగా.