నా పేరు పెంటమ్మ కావలసింది

నాకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారు.
అందుకని నాలుగోదాన్ని
చేటలో పెట్టి పెంట మీద పడుకోబెట్టి
పెంటమ్మా అని పిలిస్తే
చావు ముక్కు మూసుకుని పోతుందని
మా నాయనమ్మ లెక్క.

గుణుపురంలో ఆ రాత్రి వంశధార పొంగింది.
రైలు పర్లాకిమిడిలోనే ఆగిపోయింది.
మిషనాసుపత్రిలో లాంతరు కింద
నన్ను కాళ్లు పట్టి లాగింది నార్వే నర్సమ్మ,
తెలుగూ ఒడియా కలిపి తిట్టే మనిషి.
నేను ఏడ్చేసరికి తెల్లారింది.
"పెంట వద్దు, నా పేరు తీసుకో" అందట
పాత చీర ఇచ్చేసినంత తేలిగ్గా.

దగ్నీ.
వాళ్ల నోట్లో గకారం ముక్కులోకి జారి
దంగ్నీ అవుతుందట.
మా వీధిలో ఏమీ జారలేదు.
దగ్నమ్మనయ్యాను.
రేషన్ కార్డులో అగ్నమ్మని,
బడిపిల్లలకి పొయ్యిలో అగ్గిని.

పెళ్లిమాటలప్పుడు సిద్ధాంతి పంచాంగం మూసేసి
ఇందులో దగ్ధమన్న మాట వినిపిస్తోందన్నాడు.
దగ్ధయోగాన ఊరికే బయల్దేరరు,
పిల్లనెవరు చేసుకుంటారు?
ఆ సంబంధం పోయింది.
పోనీ, అతని దగ్గర ఒకటే చుట్టకంపు.

నర్సమ్మ సొంత దేశం వెళ్లిపోతూ
ట్రంకుపెట్టె మీద కూచుని చెప్పింది:
వాళ్ల పాత భాషలో దగ్ అంటే పగలు,
నీ అంటే కొత్తది.
(నీ అంటే నీదే అనుకున్నాను ఇన్నేళ్లూ.)
వాళ్లూరికి చలికాలం రెండు నెలలు పొద్దు పొడవదట.
తిరిగొచ్చిన రోజు పిల్లల్ని కొండెక్కిస్తారట
గోరంత సూర్యుణ్ణి చూపించడానికి.
అలాంటి రోజున పుట్టిందావిడ.

ఒడియాలో కొత్తని నూఆ అంటాం కదా,
అదీ ఇదీ దూరపు చుట్టాలే.
దగ్ కీ దగ్ధానికీ కూడా
వెనకెక్కడో ఒకటే నిప్పని
కొందరు పండితులంటారట, కొందరు కాదంటారట.
అంటే సిద్ధాంతి మరీ తప్పు కాదు.
ఏం కాలుతోందో తల పైకెత్తి చూడలేదంతే.

ఇప్పుడదే ఆసుపత్రిలో నేను ఆయాని.
నిన్న కొండ మీంచి సవర పిల్లని
మంచం మీద మోసుకొచ్చారు.
తెల్లారగట్ల ఆడపిల్ల.
తడిచిన జుట్టు తుడుస్తుంటే
ఏం పేరు పెట్టనని అడిగింది.

నోటిదాకా వచ్చింది.
ఇస్తే అరిగేది కాదు.
కిటికీ రెక్క తోసి
కొబ్బరాకుల మీద పడుతున్నదాన్ని చూపించి
"మీరేమంటారు దీన్ని?" అన్నాను.

ఆమె చెప్పింది.
నా నోరు తిరగలేదు.
మళ్లీ చెప్పమన్నాను.