రాతలోకి రాని బాకీ

రాజోలులో వకీలు గంగాధరంగారి వరండాలో
గుమస్తా తెల్లకాగితం నిలువునా మడిచాడు.
ఎడమ ఆస్తి, కుడి అప్పు.

ఎకరంన్నర రొయ్యల చెరువు
తెల్లమచ్చ తగిలి ఎండగట్టింది,
ఎటు రాయాలో తెలియక పెన్ను ఆగింది.
మేత కొట్టుకి నాలుగు లక్షలా ఇరవై వేలు, చెరిసగం.
బ్యాంకులో నా నాన్తాడు
ఎవరు విడిపిస్తే వాళ్ళది.
ఏరేటర్లు తనకి, ఫ్రిజ్జు నాకు.
"దాని తలుపుకి కట్టే తాడు కూడా"
అని నవ్వబోయాడు ఆయన.
నేను నవ్వలేదు.

వరదేడు లంకలో చిక్కుబడ్డప్పుడు
పీతల నూకాలు కొంగుముడి విప్పి ఇచ్చిన మూడువేలు
తనూ అనలేదు, నేనూ అనలేదు.

సంతకం పెట్టి, పంటు దిగి
తిన్నగా దాని గుమ్మంలోకే వెళ్ళాను.
పీత కాళ్ళకి నార చుడుతూ
తలెత్తకుండానే అంది:
"పొద్దున్నే ఇచ్చెళ్ళారండీ ఆయన.
మీరొస్తే తీసుకోవద్దన్నారు.

పీతలు ఎన్ని కట్టమంటారు?"