ఒకటి చుక్క పన్నెండు

మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది.
అంతే, ఇంకేమీ జరగలేదు.
ఫ్యాను మళ్ళీ తిరిగింది, ఫ్రిజ్జు మళ్ళీ మూలిగింది,
కిటికీలో పెట్టిన వైఫై డబ్బా
పచ్చగా రెండుసార్లు కన్ను కొట్టింది.

స్కానర్ మాత్రం
మస్తాన్‌రావు గారి విక్రయ దస్తావేజు
పద్నాలుగు పేజీలూ మింగి
ఒక్కటీ నా కంప్యూటర్లో కక్కలేదు.

అయిదింటికి రిజిస్ట్రారాఫీసు మూసేస్తారు.
లేఖరి మూడుసార్లు ఫోన్ చేశాడు.
నేను నాగూల్‌మీరాకి చేశాను.

"మీ సిస్టమ్ ఇల్లు మారినట్టుంది మేడమ్."
అతని వెనకాల పట్నంబజారు హారన్లు.
"ఇల్లు మారడమేంటయ్యా,
బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగులో
ఆరేళ్ళుగా ఇదే బల్ల,
ఒక కాలికింద ఇదే అట్టముక్క!"
"బల్ల కాదు మేడమ్, నంబరు.
నల్ల కిటికీ తెరిచి
ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి, మధ్యలో ఖాళీ వద్దు."

కొట్టాను.
నల్లపలక మీద తెల్లటి రాత
గబగబా పైకి పాకింది.
సగం నాకు తెలియని గోత్రాలు.
"ఐపీవీ నాలుగు అన్న వరస చదవండి."

నూట తొంభై రెండు, చుక్క,
నూట అరవై ఎనిమిది, చుక్క,
ఒకటి, చుక్క,
పన్నెండు.

"చూశారా! నిన్నటిదాకా ఏడు.
కరెంటు పోయొచ్చాక డబ్బా కొత్తగా పంచింది.
ఏడు ఇప్పుడెవరో!"

వెతికితే, పిన్ని టీవీ.
మస్తాన్‌రావు గారి రెండువందల నలభై గజాలు
ఇంతసేపూ వెళ్ళి ఆ తలుపు కొడుతున్నాయి.
సీరియల్ మధ్యలో ఉంది, అది పలకలేదు.

నేను రోజంతా టైపు చేసేవి నాలుగు హద్దులే.
తూర్పు: షేక్ బాజీ గారి ప్రహరీ.
దక్షిణం: మునిసిపల్ రోడ్డు.
పడమర: అమ్మకందారుకు మిగిలిన స్థలం.
ఉత్తరం: నాలుగడుగుల నడవ.
ఒక్కటి తప్పినా స్థలం గాల్లో ఉంటుందని
లేఖరి బెదిరింపు.
ఇక్కడా నాలుగే.
చుక్కలు హద్దురాళ్ళు.

"ముందు మూడూ మీ ఇంట్లో అందరికీ ఒకటే,
ఆఖరుదే ఎవరిది వాళ్ళది."
ఇంటిపేరు అన్న మాట అతను అనలేదు.
నాకే తట్టింది.
మన పద్ధతే, ఇంటిపేరు ముందు, మనిషి చివర.

"పక్కింటి కంప్యూటర్‌కీ ఇదే నంబరుండొచ్చు.
ఫర్లేదు, ఇది గుమ్మం దాటదు."

గుమ్మం దాటని పేరు.
నాయనమ్మ నన్ను గుండుసూది అనేది.
ఆ లెక్కన కొత్తపేటలో ఎన్ని గుండుసూదులో.

దాటినవి వేరు.
పదో తరగతి సర్టిఫికెట్లో గోళ్ళమూడి.
రేషన్ కార్డులో పెదపూడి.
కోర్టు కాగితంలో రెండూ,
మధ్యలో కుర్చీ వేసుకుని ఉరఫ్.
ఎక్కడో కరెంటు పోయి వచ్చేది,
నిద్రలేచేసరికి నాకు ఇంకో నంబరు.
బ్యాంకు నుంచి ఒక ఉత్తరం
ఏటా ఇప్పటికీ
చంద్రమౌళినగర్ తలుపు కొట్టి తిరిగిపోతుంది.

"ఇలా మారకుండా చెయ్యొచ్చా?"
అడిగాక, గొంతు ఎందుకో సర్దుకున్నాను.
"ఎందుక్చెయ్యకూడదు మేడమ్!
ఈ పెట్టెకి పన్నెండే, ఇంకెవరికీ ఇవ్వొద్దని
డబ్బాకి చెప్పేద్దాం.
ముందు స్కానర్లో ఏడు కొట్టేసి పన్నెండు పెట్టండి."

పెట్టాను.
పేజీలు ఒకటొకటే వచ్చి పడ్డాయి,
వేలిముద్రలది కొంచెం వంకరగా.
నాలుగూ నలభైకి లేఖరికి చేరాయి.
థాంక్సయినా చెప్పలేదు, అతని అలవాటు.

తర్వాత తీరిగ్గా కూర్చుని
డబ్బాలోకి వెళ్ళాను.
పన్నెండు పక్కన ఒక గడి ఖాళీగా ఉంది,
పేరు రాయమని.
ఏ ఇంటిపేరూ అడగలేదు.

గుండుసూది అని కొట్టి, సేవ్ నొక్కాను.
డబ్బా ఆరి వెలిగింది.
లోపల సీరియల్ గుండ్రంగా తిరిగి ఆగిపోతే
పిన్ని అరిచింది,
"మళ్ళీ ఏం కెలికావే?"