దల్కావే రేవులో పలక బేరం

రాత్రంతా వాన. తెల్లారినా అదే వాన.
షెడ్డు రేకుల మీద ఎవరో బస్తాడు బఠాణీలు
ఆగకుండా పోస్తున్నట్టు.
మామ రోసమెల్ తారు పట్టిన వేళ్లతో
పలక అంచు తడుముతున్నాడు,
సంతలో చేప మొప్ప ఎత్తి చూసినట్టు.

యాభై ఏళ్లు అలెర్సె కలప మీద బాడిసె ఆడించిన చెయ్యి.
కలపకు వాసనుంటుంది, ముడి ఉంటుంది,
ఏ గాలికి ఏ వైపు వంగి పెరిగిందో
అడక్కుండానే చెప్పేస్తుంది.
దీనికి నోరు లేదు.
జాతకమంతా మూలన కొట్టిన అంకెల్లో ఉంది.
ఆ అంకెలు చదవడానికి నేను.

యాభై ఎనభై మూడు, అన్నాను.
నూటికి నాలుగున్నర పాళ్లు మెగ్నీషియం.
ఉప్పునీళ్లతో కాపురం చేస్తుంది మామా.
కాపురమంటే కొట్లాడకపోవడం కాదే పిల్లా, అన్నాడు,
కొట్లాడిన మర్నాడు కూడా పొయ్యి వెలగడం.

ఇంజను పొగగొట్టం పక్కన మాత్రం ఇది వద్దు.
సెగ తగిలి తగిలి
లోపలి మెగ్నీషియం గింజల అంచులకు చేరి కూర్చుంటుంది,
ఆ అంచుల వెంటే బీట.
అక్కడికి వేరే పలక, మెగ్నీషియం తక్కువది.
పక్కటెముకలకు అరవై అరవై ఒకటి చాలు,
కాని అతుకు పెట్టినచోట దాని బలం సగమైపోతుంది,
ఆ సగాన్నే లెక్కలో రాయాలి.
ఇదంతా నేను చెబుతుంటే
మామ కిటికీలోంచి పాటు పోతున్న సముద్రాన్ని చూస్తున్నాడు.

అప్పుడొచ్చాడు ఫెర్మీన్ ఒయార్సో,
ఆల్చిప్పలు పెంచేవాడు,
లారీలో టార్పాలిన్ కింద తళతళలాడే సరుకుతో.
విమానాల లోహం, అన్నాడు. సగం ధర.
దీన్ని మించిన గట్టిది ఈ దీవిలో చూపించండి.

ముద్ర చూశాను. డెబ్బై డెబ్బై అయిదు.
గట్టిదే. అబద్ధం లేదు.
ఆకాశంలో గట్టిది.
ఇక్కడ మాత్రం ఉల్లిపాయలా పొరపొరగా విచ్చుకుంటుంది,
నా టార్చి తగిలితే అతుకు చల్లారకముందే పగులుతుంది.

ఎర్రనీళ్లొచ్చి రెండు పంటలు పోయాయమ్మా, అన్నాడతను.
నా దగ్గర ఉన్నదింతే.
నేనేం చెప్పను? నా లెక్కల్లో ఆ గడి లేదు.

మామ లోపలికెళ్లి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు.
అందులో అరచేతంత పలక ముక్క,
మధ్యలో కందిగింజంత చిల్లు.
ఇది మీ అన్న పడవది, అన్నాడు.
మంచి పలకే. ఈ పిల్ల చెప్పే నంబరే.

ఫెర్మీన్ ఆ చిల్లులోంచి వెలుగు చూశాడు.
మరి?

కొయ్య పడవైతే తెరచాప కొయ్య కింద
ఒక నాణెం పెట్టేవాళ్లం, కలిసిరావాలని.
మా నాన్న పెట్టాడు, ఆయన నాన్న పెట్టాడు.
నేను కట్టిన మొదటి అల్యూమినియం పడవ కదా,
చెయ్యి ఊరుకోలేదు.
వంద పెసోల నాణెం. నిండా రాగి.
అడుగున నిలిచిన ఉప్పునీళ్లలో కూర్చుని
ఒక్క శీతాకాలంలో తినేసింది.
మీ అన్న ఒడ్డుకు దగ్గర్లో ఉన్నాడు కాబట్టి సరిపోయింది.

ఇంటిదొంగ, అన్నాను నేను, తేలిక చేద్దామని.
ఎవరూ నవ్వలేదు.

ఫెర్మీన్ లారీ వెనక్కి తిప్పుకుని పోయాడు.
పన్నెండు రోజులు రాలేదు.
వచ్చేటప్పటికి వాళ్లావిడ కుట్టుమిషను అమ్మేసింది,
లారీ లేదు, నడిచొచ్చాడు.
పడవ రెండు అడుగులు పొట్టిగా కడదాం, అన్నాడు.
కట్టాం.

గాలి ఆర్గాన్‌ను ఎత్తుకుపోకుండా తెరలు దించి,
ఇనుము తాకని బ్రష్షుతో రుద్ది,
అసిటోన్‌తో తుడిచి, వేసవి పొడుగునా అతికాను.
ఈ ఊరికి పేరిచ్చిన పాత పడవలు
మూడు పలకలు నారతో కుట్టినవట.
నాది కుట్టే, దారం వేరు.

నీళ్లలోకి దించేముందు
మామ జేబులు తడుముకున్నాడు.
వద్దు మామా, అన్నాను.
ఆగు, అన్నాడు.
తీసింది ఒక్క పెసో,
ఎనిమిది మూలలది, దూదిలా తేలికైనది,
ఏ కొట్టులోనూ ఇప్పుడు పుచ్చుకోరు.
నా అరచేతిలో పెట్టాడు.
నీ గీతలు చదవడమొచ్చు కదా, చూడు,
ఇది అల్యూమినియమే.